లెక్కలోకి రాని పిల్లలు: సర్కారు బడిలో ప్రత్యేక విద్య

(ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

పిల్లలను ఎత్తుకొని వచ్చి వెనుక వరుసల్లో కూర్చున్న తల్లులకు ప్రత్యేకంగా నమస్కారం. ఈ సభ అసలు మీదే. ముందు వరుసల్లో మీరు కూర్చోవాల్సింది.

ఉద్యమం మనకు చాలా నేర్పింది. అన్నిటికంటే ముందు నేర్పింది లెక్క అడగడం. నీళ్లు ఎన్ని టీఎంసీలు, నిధులు ఎన్ని కోట్లు, నియామకాలు ఎన్ని వేలు అని అడిగినం. 1985 డిసెంబర్ 30న 610 జీవో వస్తే, అది అమలు కాలేదని ఊరికే తిట్టి ఊకోలేదు. ఏ ఆఫీసులో ఏ కుర్చీలో ఎవరు కూర్చున్నరో పేర్లతో సహా రాసుకొచ్చినం. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ పడిందంటే ఆ లెక్కల వల్లనే. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో సార్లు బడి గేటు బయట కూర్చున్నా, ఉద్యోగులు జీతం వదులుకున్నా, మన చేతిలో ఆ లెక్క ఉంది కాబట్టే జనం వెంట నిలబడ్డరు.

రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. లెక్క అడిగే అలవాటు మాత్రం పోవద్దు. ఇవ్వాళ మనం అడగాల్సిన లెక్క ఒకటి ఉంది. చూపు లేని, వినపడని, నడవలేని, మాట రాని, చదివింది బుర్రకెక్కని పిల్లలు మన సర్కారు బడుల్లో ఎందరు? వాళ్లకు చదువు చెప్పడం వచ్చిన టీచర్లు ఎందరు? ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మిగిలే తేడా ఎంత? ఆ తేడాలో ఉన్నది పిల్లల బతుకు.

పిల్లలు ఎందరు?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. ఉమ్మడి రాష్ట్రంలో 22 లక్షల 66 వేలు. అందులో తెలంగాణ పది జిల్లాల్లో సుమారు 10 లక్షల 46 వేలు. ఇది అన్ని వయసుల లెక్క. బడి వయసు పిల్లల సంగతి చూస్తే, దేశంలో 5 నుంచి 19 ఏళ్ల మధ్య ఉన్న వికలాంగ పిల్లల్లో బడికో కాలేజీకో పోతున్నది 61 శాతం. నూటికి 27 మంది బడి మొహమే చూడలేదు. మిగిలిన 12 మంది ఒకప్పుడు పోయి మానేశారు.

ఇవి పాత లెక్కలు. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు, తర్వాతి దానికి 2027ను ప్రకటించారు. అంటే 2011లో పుట్టిన బిడ్డ పదో తరగతి దాటే వయసు వచ్చినా, ఆ బిడ్డ తరాన్ని ఇంకా ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇంకో కిటుకు కూడా ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో వైకల్యాలు 7 రకాలే. 2016లో కొత్త చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 21 రకాలున్నయి. ఆటిజం ఉంది. తలసేమియా ఉంది. చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో మాత్రమే ఇబ్బంది పడే పిల్లల సమస్య, డిస్లెక్సియా లాంటిది, అది కూడా ఉంది. 2011లో ఇంటింటికీ తిరిగిన ఎన్యూమరేటర్ చేతిలోని కాగితంలో ఈ డిస్లెక్సియాకు గడి లేదు. కాబట్టి పాత అంకె తక్కువదే తప్ప ఎక్కువది కాదు.

2016 చట్టంలో 17వ సెక్షన్ చదవండి. బడి ఈడు పిల్లలను ప్రతి ఐదేళ్లకోసారి సర్వే చేసి, వైకల్యం ఉన్న పిల్లలను గుర్తించి, వాళ్లకు ఏమేం కావాలో రాయాలని ఉంది. మొదటి సర్వే చట్టం వచ్చిన రెండేళ్లలోపే చేయాలని ఉంది. చేయడం కష్టమా? 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో రాష్ట్రమంతా సమగ్ర కుటుంబ సర్వే చేసిన సర్కారు మనది. 2024 నవంబర్‌లో ఇల్లిల్లూ తిరిగి కుటుంబ సర్వే చేసిందీ మన సర్కారే. ఆ రెండిటిలోనూ ఇండ్లిండ్లూ తిరిగింది ఎవరు? ఇక్కడ కూర్చున్న సార్లే. అట్లాంటప్పుడు బడి ఈడు పిల్లల సర్వే మనతోని కాదని ఎవరన్నా అంటే నమ్ముదామా?

మండలానికో గది

సర్కారు బడిలో ప్రత్యేక విద్య అనేది ఎట్ల నడుస్తదో చాలామందికి తెల్వదు. కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకుందాం.

ఇది నిన్న మొన్న వచ్చిన ఆలోచన కాదు. వికలాంగ పిల్లలను మామూలు బడుల్లో కలిపి చదివించే పథకాన్ని కేంద్రం 1974లోనే మొదలుపెట్టింది. తర్వాత సర్వశిక్షా అభియాన్‌లో అది భాగమైంది. 2009లో తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు ఇంకో పథకం వచ్చింది. 2018 నుంచి అన్నీ కలిపి సమగ్ర శిక్ష అయ్యింది. ఖర్చులో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40.

మన దగ్గర ఈ పథకానికి కనిపించే రూపం మండల కేంద్రంలోని భవిత సెంటర్. ఏదో ఒక సర్కారు బడి ఆవరణలో ఒకట్రెండు గదులుంటయి. అందులో ఐఈఆర్పీలు, అంటే ప్రత్యేక విద్య చదువుకున్న రిసోర్స్ పర్సన్లు ఉంటరు. మామూలుగా మండలానికి ఇద్దరు. వారానికోసారి ఫిజియోథెరపిస్టు వస్తడు. బిగుసుకుపోయిన కాళ్లు చేతులకు కసరత్తు చేయిస్తడు. మిగతా రోజుల్లో ఐఈఆర్పీలు సెంటర్‌లో పిల్లలకు చెప్పాలి. మండలంలోని మిగతా బడులకు పోయి అక్కడ ఉన్న పిల్లలను చూడాలి. మంచం దిగలేని పిల్లలుంటే ఇంటికే పోయి నేర్పాలి. ఒక్కో పిల్లవాడికి ఒక్కో ప్రణాళిక రాయాలి. తల్లిదండ్రులకు ధైర్యం చెప్పాలి. సదరం క్యాంపుకు తోలుకపోవాలి. వినికిడి మిషన్లు, మూడుచక్రాల బండ్లు ఇచ్చే క్యాంపులకు పేర్లు రాయాలి. ఇవన్నీ ఇద్దరే చేయాలి.

వాళ్లు చేసే పని విలువ తెలియాలంటే ఒక సెంటర్‌లో గంటసేపు కూర్చోవాలి. రిపోర్టింగ్ కోసం మేము ఒక మండల కేంద్రంలోని సెంటర్‌కు పోయినప్పుడు, తొమ్మిదేండ్ల పిల్లకు అంగీ గుండీలు పెట్టుకోవడం నేర్పుతున్నది టీచర్. ఒక్క గుండీ. అరగంట. మాతో వచ్చిన మిత్రుడు పక్కకు జరిగి, ‘ఇది చదువేనా?’ అని అడిగిండు. ఆ పిల్ల తల్లి విన్నది. ‘సారూ, ఇది వచ్చిందంటే నేను కూలికి పోతా’ అన్నది. ప్రత్యేక విద్య గురించి మేము చదివిన ఏ పుస్తకంలోనూ ఇంతకన్నా సూటి వివరణ దొరకలేదు. పిల్లకు గుండీ పెట్టుకోవడం వస్తే తల్లికి రోజు కూలి. అన్నం తినడం వస్తే, బాత్రూంకు పోవాలని చెప్పడం వస్తే, ఆ పిల్ల బడిలో కూర్చోగలదు. అక్షరం ఆ తర్వాత వస్తది.

చూపులేని పిల్లకు బ్రెయిలీ కావాలి. వినపడని పిల్లకు సైగల భాష కావాలి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లకు ఒక్కో పనిని ముక్కలు ముక్కలుగా విడగొట్టి నేర్పే ఓపిక, ఆ ఓపిక వెనుక శాస్త్రం కావాలి. ఆ శాస్త్రాన్ని దేశానికంతా నేర్పే జాతీయ సంస్థ ఎక్కడుందో తెలుసా? మన సికింద్రాబాద్‌లో, బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో. 1984 నుంచి ఉంది. దీపం మన ఇంట్లోనే ఉంది, మన మండలాల్లోనే చీకటి.

ఇంకో మాట. ప్రత్యేక విద్య టీచర్లందరూ ఒకటి కాదు. 1992 నాటి పునరావాస మండలి చట్టం ప్రకారం శిక్షణ పొంది, ఆ మండలిలో పేరు నమోదైన వాళ్లే ఈ పని చేయాలి. ఆ శిక్షణ ఒక్కో వైకల్యానికి వేరుగా ఉంటది. బుద్ధిమాంద్యంలో బీఈడీ చేసిన టీచర్‌ను బ్రెయిలీ చెప్పమంటే ఎట్ల చెప్తది? లెక్కల సార్‌ను ఉర్దూ చెప్పమన్నట్టు ఉంటది. కాబట్టి మండలానికి ఇద్దరున్నరు చాలదా అనే అధికారికి మన జవాబు ఒక్కటే: ఏ ఇద్దరు సార్, ఏ పిల్లలకు?

పోస్టుల లెక్క

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. కాగితం, పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి.

2009 విద్యాహక్కు చట్టం ప్రాథమిక బడిలో 30 మందికి ఒక టీచర్, ప్రాథమికోన్నత స్థాయిలో 35 మందికి ఒక టీచర్ అని రాసింది. ప్రత్యేక టీచర్ల సంగతి మాత్రం రాయలేదు. ఆ ఖాళీని పట్టుకొని ఉత్తరప్రదేశ్‌కు చెందిన ప్రత్యేక టీచర్లు సుప్రీంకోర్టుకు పోయారు. అదే రజనీష్ కుమార్ పాండే కేసు. 2021 అక్టోబర్ 28న తీర్పు వచ్చింది. ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఒక టీచర్, పై తరగతుల్లో ప్రతి 15 మందికి ఒక టీచర్ ఉండాలని, ఆ పోస్టులను శాశ్వత పోస్టులుగా మంజూరు చేయాలని కోర్టు చెప్పింది. 2022లో కేంద్రం ఇదే నిష్పత్తిని విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో చేర్చింది. అంటే ఇప్పుడు ఇది చట్టం.

మన రాష్ట్రంలో ఏం జరిగింది? 2023లో అప్పటి సర్కారు 1,523 ప్రత్యేక టీచర్ పోస్టులు ప్రకటించింది. ప్రాథమిక స్థాయిలో 796, పై స్థాయిలో 727. 2024 ఫిబ్రవరి 29న వచ్చిన డీఎస్సీ నోటిఫికేషన్‌లో మొత్తం పోస్టులు 11,062. అందులో ప్రత్యేక విద్యవి ఎన్ని? ఎస్జీటీలు 796, స్కూల్ అసిస్టెంట్లు 220. మొత్తం 1,016. ఈ రాష్ట్రంలో డీఎస్సీ ద్వారా ప్రత్యేక టీచర్లు రెగ్యులర్ ఉద్యోగులుగా రావడం మంచి అడుగే. మంచిని మంచి అందాం. కానీ 1,523 లోంచి 1,016 తీసేస్తే 507. ఈ 507 పోస్టులూ హైస్కూలు వైపు పోస్టులే. ఆరో తరగతి నుంచి పైకి పోయే పిల్లల పోస్టులు అవి.

ఇంకో రకంగా లెక్కేద్దాం. 796 పోస్టులను ఒక్కోదానికి 10 మంది పిల్లల చొప్పున చూస్తే 7,960 మంది. 220 పోస్టులను 15 మంది చొప్పున చూస్తే 3,300 మంది. కలిపితే 11,260. ప్రకటించిన 1,523 మొత్తం నింపినా 18,865 మంది పిల్లలకే ఆ టీచర్లు సరిపోతరు. 10 లక్షల 46 వేల మంది వికలాంగులున్న రాష్ట్రంలో సర్కారు బడి ఈడు పిల్లలు ఇంతేనా? ఇంతే అంటే మిగతా పిల్లలు ఎక్కడున్నరో చెప్పాలి. ఇంతకంటే ఎక్కువున్నరంటే పోస్టులు ఎందుకు తక్కువున్నయో చెప్పాలి. రెండిటిలో ఏదో ఒకటి చెప్పక తప్పదు. కాంట్రాక్టు ఐఈఆర్పీలు ఉన్నరు కదా అని అనొచ్చు. ఉన్నరు. వాళ్ల సంగతే చూద్దాం.

ఏండ్ల తరబడి కాంట్రాక్టు

భవిత సెంటర్లు ఇన్నాళ్లు నిలబడ్డయంటే ఈ కాంట్రాక్టు టీచర్ల భుజాల మీదనే. రెగ్యులర్ టీచర్‌కు ఉన్న జీతం లేదు, సెలవులు లేవు, పెన్షన్ లేదు. తమ పిల్లలను ప్రైవేటు బడిలో వేసే స్థోమత లేదు. ఊర్లు తిరిగేందుకు పెట్రోల్ ఖర్చు జేబులోంచే. 2024 డిసెంబర్‌లో సమగ్ర శిక్ష కాంట్రాక్టు ఉద్యోగులు రెగ్యులరైజేషన్ కోసం సమ్మెకు దిగినప్పుడు, కస్తూర్బా బడుల టీచర్లతో పాటు ఐఈఆర్పీలు కూడా జిల్లా కేంద్రాల్లో టెంట్ల కింద కూర్చున్నరు. సమ్మె అంటే ఏందో మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఆ టెంటు కింద కూర్చున్న వాళ్ల బాధ మనకే ముందు అర్థం కావాలి.

సమాన పనికి సమాన వేతనం అనే సూత్రం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016 అక్టోబర్‌లోనే, పంజాబ్ ఉద్యోగుల కేసులో చెప్పింది. 2025 మార్చి 7న అదే పాండే కేసులో కోర్టు మళ్లీ ఆదేశాలిచ్చింది. రాష్ట్రాలన్నీ ఎన్ని ప్రత్యేక టీచర్ పోస్టులు కావాలో లెక్కేసి, మార్చి 28లోపు నోటిఫై చేయాలని చెప్పింది. కాంట్రాక్టు మీద ఏండ్ల తరబడి పనిచేస్తున్న అర్హులను పరిశీలించేందుకు స్క్రీనింగ్ కమిటీలు వేయాలని కూడా చెప్పింది. వికలాంగుల కమిషనర్, విద్యాశాఖ కార్యదర్శి, పునరావాస మండలి నామినీ అందులో ఉండాలి.

కాబట్టి ఐఈఆర్పీలు రెగ్యులరైజేషన్ అడగడం దయ అడగడం కాదు. కోర్టు వేసిన బాట మీద నడవమని అడగడం. డీఎస్సీ కోసం చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు దీన్ని తమకు పోటీగా చూడొద్దు. పిల్లల లెక్క సరిగ్గా తేలితే ఉన్నవాళ్లకూ, కొత్తగా వచ్చేవాళ్లకూ చాలినన్ని పోస్టులుంటయి. లెక్క తేలనంత కాలం ఒక్క కుర్చీ కోసం మనమే మనం కొట్లాడుకుంటూ ఉంటం. అట్ల కొట్లాడుకుంటే లాభం ఎవరికో మనకు ఉద్యమంలోనే తెలిసింది.

‘మొద్దు’ అనే మాట

ఇక ఇక్కడున్న సార్లకు, టీచరమ్మలకు ఒక మాట. ప్రత్యేక టీచర్ వారానికి ఒక్కరోజు వస్తడు. మిగతా రోజులు పిల్లవాడు మీ దగ్గరే ఉంటడు. మీ కష్టం మాకు తెలుసు. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ అటెండెన్స్, ఎన్నికల డ్యూటీ, సర్వేల డ్యూటీ. ఇన్నిటి మధ్య వెనుక బెంచీలో గొణుక్కుంటూ కూర్చున్న పిల్లవాడిని పట్టించుకోవడం కష్టమే.

కానీ ఒక్కటి ఆలోచించండి. మాటల్లో చురుగ్గా ఉంటడు, కూరగాయల లెక్క నోటితోనే చెప్తడు, పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు తారుమారైతయి. ‘కమల’ అని రాయమంటే ‘కలమ’ అని రాస్తడు. బోర్డు మీదిది చూసి రాయలేడు. అట్లాంటి పిల్లవాడు ప్రతి బడిలోనూ ఉంటడు. మన ఊర్లలో అతనికి ఉన్న పేరు ఒక్కటే: మొద్దు. ఆ పేరు పెట్టిన రోజే అతని చదువు సగం ఆగిపోతది. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి హైదరాబాద్ బస్సెక్కి ఏదో హోటల్‌లో ప్లేట్లు కడుగుతుంటడు. చట్టం దానికి వైకల్యమని పేరు పెట్టి, బడే దాన్ని తొందరగా గుర్తించాలని 16వ సెక్షన్‌లో రాసింది. గుర్తించిన పిల్లవాడికి చదివి వినిపించడం, నోటితో జవాబు చెప్పించుకోవడం, రాయడానికి ఇంకొంచెం టైం ఇవ్వడం, ఇవేమీ లక్షల ఖర్చు కాదు. పదో తరగతి పరీక్షలో రాసిపెట్టే మనిషి, అదనపు సమయం ఇచ్చే వెసులుబాటు ఉంది. దాని కాగితాలు ముందుగా తయారు చేయకపోతే హాల్‌టికెట్ వచ్చినంక లాభం లేదు. తొమ్మిదో తరగతిలోనే మొదలుపెట్టాలి.

ఒక ప్రశ్న ఎప్పుడూ వస్తది. ఉన్న పిల్లలకే దిక్కు లేదు, వీళ్ల కోసం మిగతా వాళ్ల చదువు ఆగాల్నా అని. ఆగదు. పెద్ద అక్షరాలతో బోర్డు రాస్తే చూపు తక్కువున్న పిల్లకే కాదు, ఆఖరి బెంచీ పిల్లలందరికీ కనబడుతది. పాఠాన్ని బొమ్మతో, వస్తువుతో చెప్తే బుద్ధిమాంద్యం ఉన్న పిల్లవాడికే కాదు, ఇంట్లో చదువు చెప్పే దిక్కులేని ప్రతి పిల్లవాడికీ అర్థమైతది. ర్యాంపు కడితే చక్రాల కుర్చీయే కాదు, మధ్యాహ్న భోజనం గంగాళం మోసే అమ్మ కూడా దాని మీదనే నడుస్తది.

ర్యాంపు అంటే గుర్తొచ్చింది. మేము తిరిగిన బడుల్లో చాలా చోట్ల ర్యాంపు ఉంది. కొన్ని చోట్ల అది జారుడు బల్ల లెక్క నిట్టనిలువుగా ఉంది. కొన్ని చోట్ల ర్యాంపు వరండా దాకానే, బాత్రూంకు లేదు. ఆడపిల్లకు బాత్రూం లేకపోతే ఆమెకు బడి లేనట్టే. ఈడొచ్చిన తర్వాత వికలాంగ ఆడపిల్లలను ఇంట్లోనే పెట్టుకోవడానికి తల్లులు చెప్పే మొదటి కారణం అదే. సమగ్ర శిక్షలో వికలాంగ ఆడపిల్లకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు స్టైపెండ్ ఉంది. ఒక్కో పిల్లకు ఏడాదికి 3,500 రూపాయల దాకా పరికరాలకు, ప్రయాణానికి, ఇతర అవసరాలకు ఇచ్చే వీలుంది. మీ మండలంలో ఎందరికి అందిందో అడగండి.

ఇల్లా, బడా, ప్రత్యేక బడా?

వినపడని పిల్లల తల్లిదండ్రులు ఒక మంచి ప్రశ్న అడుగుతరు. మా పిల్లను ఊరి బడిలో వేస్తే ఆమెతో సైగల భాషలో మాట్లాడేవాళ్లే ఉండరు. యాభై మందిలో ఒంటరి అయితది. హాస్టల్ ఉన్న బధిరుల బడిలో వేయొద్దా? వేయొచ్చు. 2016 చట్టం 31వ సెక్షన్ ఆ ఎంపికను పిల్లలకే ఇచ్చింది. చట్టం నిర్ణయించిన స్థాయిలో వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏండ్ల పిల్లలకు దగ్గరి బడిలోనైనా, ప్రత్యేక బడిలోనైనా ఉచిత చదువు హక్కు. 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణ ప్రకారం, బహుళ వైకల్యం, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరి చదువు కూడా హక్కే.

ఇక్కడ జాగ్రత్త అవసరం. ఇంటి దగ్గరి చదువు అనేది తల్లిదండ్రులు కోరుకుంటే ఇచ్చే వెసులుబాటు. బడి తప్పించుకునే దారి కాదు. ‘మీ పిల్లకు ఇంటికే టీచర్ వస్తది, బడికి తేకండి’ అని ఎవరన్నా అంటే, ఆ టీచర్ నెలకు ఎన్నిసార్లు వచ్చిందో అడగాలి. రిజిస్టర్‌లో పేరుండి, ఇంటికి ఎవరూ రాకపోతే అది చదువు కాదు.

ఇంకో సంగతి, గుర్తింపు ఆలస్యం కావద్దు. వినికిడి లోపం పసితనంలో తెలిస్తే పిల్లకు మాట వచ్చే అవకాశం ఉంటది. ఆరేండ్లకు తెలిస్తే చాలా పోగొట్టుకున్నట్టు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. దాని బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వచ్చి పిల్లలను చూడాలి. ఆరోగ్య శాఖ డాక్టర్ గుర్తించిన పేరు విద్యాశాఖ రిజిస్టర్‌లోకి వచ్చిందా? అంగన్‌వాడీ టీచర్‌కు తెలిసిన పిల్ల ఒకటో తరగతి సార్‌కు తెలిసిందా? మూడు శాఖల మధ్య బిడ్డ జారిపోవద్దు.

పింఛన్ గురించి కూడా ఒక మాట. 2023 జూలై నుంచి వికలాంగుల పింఛన్ నెలకు 4,016 అయ్యింది. మంచిదే. పేదింట్లో అది పెద్ద ఆసరా. కానీ పింఛన్ వస్తుంది కదా, బడి ఎందుకు అనే మాట ఊర్లలో వినబడుతున్నది. పింఛన్ ఇస్తే పూట గడుస్తది. చదువు ఇస్తే ఆ పిల్ల రేపు పింఛన్ ఇచ్చే ఆఫీసులోనే 4 శాతం రిజర్వేషన్ మీద ఉద్యోగం చేస్తది. ఆ ఉద్యోగానికి ముందు డిగ్రీ కావాలి. డిగ్రీకి ముందు పదో తరగతి కావాలి. పదో తరగతికి ముందు ఆ ఒక్క గుండీ పెట్టుకోవడం రావాలి.

ఏం చేద్దాం?

మాట్లాడి పోదామంటే ఇంతదూరం రానక్కర్లేదు. చేయాల్సిన పనులు నాలుగు చెప్తాం.

ఒకటి, లెక్క తీద్దాం. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. ప్రతి మండలంలో ఒక దరఖాస్తు పెడదాం. ప్రశ్నలు ఐదే: ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఏ బడిలో ఎందరు, ఏ వైకల్యం, ప్రత్యేక టీచర్లు ఎందరు, ఏ వైకల్యంలో శిక్షణ, ఇంటి దగ్గరి చదువులో ఉన్న పిల్లల దగ్గరికి గత ఏడాది ఎన్నిసార్లు పోయారు, స్టైపెండ్, ప్రయాణ భత్యం ఎందరికి ఎంత ఇచ్చారు, 17వ సెక్షన్ సర్వే ఎప్పుడు చేశారు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు. యూనివర్సిటీ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పని మీద వేసుకోండి. 610 జీవో లెక్కలు తీసిన చేతులకు ఇది కష్టం కాదు.

రెండు, ఉద్యోగ సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు తమ డిమాండ్ల కాగితంలో ప్రత్యేక టీచర్ పోస్టులను, ఐఈఆర్పీల స్క్రీనింగ్ కమిటీని చేర్చాలి. పీఆర్సీ, డీఏల కింద ఒక లైనుగా కాదు. వేరే డిమాండ్‌గా.

మూడు, హైస్కూలు స్థాయిలో ఆగిపోయిన 507 పోస్టులు. వీటిని భర్తీ చేసే నోటిఫికేషన్ ఏదైనా, ఎప్పుడైనా, అందులో ఈ అంకె కనబడేదాకా అడుగుతూనే ఉండాలి.

నాలుగు, స్కూలు కమిటీలో ఒక వికలాంగ పిల్ల తల్లి ఉండాలి. ఆ తల్లి ఉంటే ర్యాంపు బాత్రూం దాకా పోతది. ఇంజనీర్‌కు చెప్పాల్సిన మాట ఆమెకే తెలుసు.

మిత్రులారా, ఏటా జూన్‌లో బడిబాట ఉంటది. సార్లు డప్పులతో, బ్యానర్లతో వాడవాడా తిరిగి పిల్లలను బడికి రమ్మని పిలుస్తరు. ఆ కార్యక్రమానికి మన జయశంకర్ సార్ పేరే పెట్టుకున్నం. ఈసారి బడిబాటలో మనం కూడా నడుద్దాం. ప్రతి వాడలో ఒక ఇల్లు ఉంటది. దాని తలుపు పగలు కూడా దగ్గరికి వేసి ఉంటది. లోపల ఒక పిల్ల ఉంటది. చుట్టుపక్కల వాళ్లకు తెలుసు, పంచాయతీకి తెలుసు, బడికి మాత్రం తెల్వదు. ఆ తలుపు కొడదాం. ‘అవ్వా, పిల్ల పేరు చెప్పు, వయసు చెప్పు’ అని అడిగి రిజిస్టర్‌లో రాయిద్దాం. రాసిన పేరు వెనుక టీచర్ వచ్చేదాకా కొట్లాడుదాం.

సెలవు.